కొట్టేసిన నాలుగో అధ్యాయం

పట్టాభి సారు ఎర్ర పెన్నుతో నాలుగో అధ్యాయమంతా అడ్డంగా కొట్టేసి, కాగితాలు సుచిత్ర వైపు తోశారు.

“ఫిల్టర్లను తిరగేస్తే వచ్చేవే ఐడియల్స్ కదమ్మా. ఒకదాని రాడికల్ తెలిస్తే రెండోదానిదీ తెలిసినట్టే. నా పేపర్లో ఎప్పుడో నిరూపించాను. ఇది తీసేయ్, సంతకం పెడతాను.”

దిల్‌సుఖ్‌నగర్‌లోని కాలేజీలో ఆయన గణితం ప్రొఫెసర్, ఆమె పీహెచ్‌డీకి గైడు. లాజిక్ నుంచి పుట్టిన బీజగణితం ఆమె పని. అందులో నిజం వైపు చేరే విలువల గుంపు ఫిల్టర్, అబద్ధం వైపు చేరేది ఐడియల్; అలాంటి అతిపెద్ద గుంపులన్నిటిలో ఉమ్మడిగా ఉండేది రాడికల్. సారు నిరూపించానంటున్న ఆ మాటే తప్పని చూపించేది ఆ అధ్యాయం. సుచిత్రకు ఒళ్లు మండిపోయింది.

ఎల్బీనగర్‌లో ఇంటికొచ్చి చెబితే, చేనేత చీరల దుకాణం నడిపే తండ్రి బాలనర్సయ్య నచ్చజెప్పబోయాడు. “జర తగ్గు బిడ్డా. గది తీసేస్తే ఏంబోతది? సంతకం అయితది గదా.”

“మిషన్ చీరను మగ్గం చీరని చెప్పి అమ్ముతవా నాయినా?”



థీసిస్ సమర్పించే ముందు జరిగే సెమినార్ రోజున సుచిత్ర ఆ అధ్యాయంతోనే మొదలుపెట్టింది. బోర్డు మీద మూడే విలువలు రాసింది: అబద్ధం, సగం నిజం, నిజం.

“సగం నిజాన్ని కాదంటే అబద్ధం వస్తది. దాన్ని మళ్ల కాదంటే పూర్తి నిజమైతది. సగం తిరిగి రాదు. అందుకే ఈడ ఫిల్టర్ల రాడికల్‌ల రెండు విలువలున్నయి, ఐడియల్స్ రాడికల్‌ల అబద్ధం ఒక్కటే. తిరగేస్తే కలువయి.”

పరీక్షకురాలిగా బయటి నుంచి వచ్చిన కృష్ణకుమారి మేడం తనూ కాగితం మీద వేసి చూసుకున్నారు. “సరిగ్గానే ఉంది కదండీ, పట్టాభి గారూ!”

ఆయన నవ్వారు. “తప్పని నేనెక్కడన్నానండీ?”

సుచిత్ర ఆయన వైపు తిరిగింది. “తప్పు కాదనుడు గాదు సార్. ఒప్పని చెప్పుండ్రి. మీ పేపర్ల తప్పుందని గూడ చెప్పుండ్రి.”

ఆయన టీ చల్లారిపోతుందంటూ లేచారు. అయితే ఆ అధ్యాయం ఉండి తీరాలని మేడం రాసి వెళ్లడంతో సంతకం మాత్రం పెట్టక తప్పలేదు.

కొన్ని నెలలకు పత్రికలో పట్టాభి గారి పాత పేపరుకు సవరణ అచ్చయింది. ఉదాహరణ సుచిత్రదే, మూడు విలువలతో సహా. కింద ‘ఒక పాఠకుని సూచన మేరకు’ అని ఉంది.

పాఠకుడట! కాలేజీకి బయల్దేరిన సుచిత్ర మెట్రో మెట్ల మీదే ఆగిపోయింది. జనం భుజాలు రాసుకుంటూ పోతున్నా పక్కకు జరగకుండా ఫోన్ తీసి, పత్రిక సంపాదకుడికి మెయిల్ రాయడం మొదలుపెట్టింది. మొదటి వాక్యంలోనే తన పూర్తి పేరు రాసింది.