రెండు దెబ్బలు కొట్టేదాకా

ఠంగుమని ఒక దెబ్బ పడింది. సత్తెమ్మ కుడి పాదం కిందికి నొక్కింది. బండి దగ్గి, గొంతు సవరించుకుని, వీధంతా దద్దరిల్లేలా అరవడం మొదలుపెట్టింది. కాసేపటికి ఠంగు ఠంగుమని రెండు దెబ్బలు పడ్డాయి. ఆమె పాదం తీసేసింది.

ఒక దెబ్బంటే తొక్కాలి, రెండంటే వదలాలి. ఆ మొగుడూ పెళ్ళాల మధ్య ఈ ఏర్పాటు సాయిలు చెవులు మొరాయించిన దగ్గర్నుంచీ నడుస్తోంది. అంతకుముందు ఎత్తిన బానెట్‌కు ఇటు ఆమె, అటు ఆయన నోళ్ళు పగిలేలా అరుచుకునేవాళ్ళు. గోపన్‌పల్లిలో ఆ సందు సందంతా, వీళ్ళు కొట్టుకుంటున్నారనుకుని తలుపులు తీసి చూసేది. ఆ పరువు తక్కువ పడలేక సత్తెమ్మే ఈ పానా దెబ్బల ఉపాయం చెప్పింది. చేతిలో పానా ఎప్పుడూ ఉండేదే కనుక సాయిలుకూ అది నచ్చింది.

ఆదివారం ఆమెకు సెలవు. మిగతా ఆరు రోజులూ నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల మేడలో నేల తుడుస్తుంది. ఉన్న ఒక్క సెలవు రోజూ తలంటు పోసుకుని నడుం వాల్చాలని ప్రతి వారం అనుకుంటుంది, ప్రతి వారం ఈ డ్రైవర్ సీట్లోనే కూర్చుంటుంది. సీటు చిరిగి స్ప్రింగు గుచ్చుకుంటుంటే మీద పాత చీర మడిచి వేసుకుంది. బండి ఒకప్పుడు తెల్లది, ఇప్పుడు బియ్యం కడిగిన నీళ్ళ రంగు. ఎడమ వైపు తలుపు మాత్రం వేరే బండిది, నీలంగా ఉంటుంది. మీటరు ఎన్ని లక్షల దగ్గర ఆగిపోయిందో ఇద్దరికీ గుర్తులేదు.

ఆఫీసు పిల్లల్ని తెచ్చి దించే ట్రావెల్స్‌లో సాయిలు ఈ బండినే ఏళ్ళ తరబడి నడిపాడు. చెవులు తగ్గాయని వాళ్ళు ఆయన్ని పక్కన పెట్టారు. పాతబడిందని బండినీ పక్కన పెట్టారు. సాయిలు తనకు రావలసిన లెక్క కింద దాన్నే తీసుకుని, వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. అప్పటినుంచి తెల్లవారకముందే సత్తెమ్మనూ, ఆమెతో పనిచేసే నలుగురు ఆడవాళ్ళనూ ఎక్కించుకుని టవర్ల దగ్గర దించుతాడు. షేర్ ఆటో అంచున వేలాడుతూ పోయే రోజులు వాళ్ళకు ఆ నాటితో తీరిపోయాయి. ముందు సీటు కోసం నలుగురూ రోజూ పోట్లాడుకుంటారు కూడా.

రేపు బండికి ఫిట్‌నెస్. పాసైతే ఇంకొన్నాళ్ళు రోడ్డు మీద తిరగొచ్చు. కాకపోతే తుక్కు లారీ వస్తుంది, అది కొడుకుతో కుదిరిన ఒప్పందం. అనిల్ ఒక కంపెనీకి కరెంటు కారు నడుపుతాడు. పొద్దున డ్యూటీకి పోతూ ఇడ్లీ పొట్లం ఇవ్వడానికి ఆగాడు. ఆ కారు వచ్చి ఆగిందని కూడా ఎవరికీ తెలియలేదు.

తండ్రికి కాస్తో కూస్తో వినబడే కుడి చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అన్నాడు. "నాయినా, రేపు పాస్ గాకుంటే మాట మీద నిలబడాలె."

"నేనే దొబ్బి లారీ ఎక్కిస్త. మరి పాసైతే?"

"అయితే నీ ఇష్టం."

"అయితే నీ సప్పుడు లేని బండి పక్కకు దీన్ని పెట్టి దండ ఏస్త. నువ్వే కొబ్బరికాయ కొట్టాలె!"

అనిల్ నవ్వి వెళ్ళిపోయాడు. వాడికి తండ్రి మీద ప్రేమ లేక కాదు. ఈ వయసులో ఆ నూనెలో పొర్లడం చూడలేక.

సాయిలు పొద్దుటినుంచీ చేసిన పని తక్కువేం కాదు. ఇంజన్‌కు గాలి వడగట్టే జల్లెడ విప్పి, కట్టెతో తట్టి తట్టి దులిపాడు. చుట్టూ కడుతున్న టవర్ల దుమ్మంతా అందులోనే ఉన్నట్టు గుప్పుగుప్పున లేచింది. డీజిల్‌లో చేరిన నీళ్ళు వంపేశాడు. ముందు చక్రాలకు సిమెంటు ఇటుకలు మెట్లుగా పేర్చి బండిని వాటి మీదికి ఎక్కించాడు. జాకీని ఆయన నమ్మడు. నల్లబడిన ఇంజన్ నూనెను సగానికి కోసిన వంటనూనె డబ్బాలోకి దించి, కొత్త నూనె పోశాడు. ఇంతా చేశాక ఒక సన్నని కీచు మిగిలింది. తొక్కితే పెరుగుతుంది, వదిలితే దాక్కుంటుంది. సత్తెమ్మకు వినపడింది కానీ ఎక్కడినుంచో తెలియలేదు. సాయిలుకు అసలు వినపడలేదు, కానీ ఉందని తెలుసు.

ఆయన దగ్గర మూరెడు పొడవు స్క్రూడ్రైవర్ ఒకటుంది. అందరు మెకానిక్కులూ దాని మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటారు. సాయిలు చెవులు పోయాక పిడిని పళ్ళతో కరిచి పట్టుకోవడం నేర్చుకున్నాడు. బండి మూలుగు పళ్ళలోంచి దవడలోకి, దవడలోంచి పుర్రెలోకి ఎక్కుతుందట. చెవులున్నప్పటికంటే ఇప్పుడే బాగా వినబడుతోందని కోతలు కూడా కోస్తాడు.

బానెట్ పక్కనుంచి తల బయటికి పెట్టి అరిచాడు. "డైనమో కాదే సత్తెమ్మా. నీళ్ళ పంపో ఏందో. నువ్వొచ్చి జర కర్సి సూడు, తెలుస్తది."

ఆమె ఛీ అని మొహం చిట్లించింది. "నీ ఎంగిలి నాకెందుకయ్యా! పెండ్లినాడు తిన్నదే సాలు."

మాట వినపడకపోయినా ఆ మొహం చూసి అర్థం చేసుకున్నాడు. పగలబడి నవ్వుతూ స్క్రూడ్రైవర్‌ను బ్యాటరీ పక్కన పెట్టాడు. నవ్వు మధ్యలోనే ఆగి రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాడు. నిన్నటినుంచీ ఇది మూడోసారో నాలుగోసారో. ఆమె సీట్లోంచి దిగి, దవాఖానకు పోదామని చేతులతో చూపించింది.

"గ్యాసు. ఇడ్లీ తిన్న గ్యాసు. రేపు బండి ఫిట్‌నెస్, ఎల్లుండి నాది సూపిద్దం. పో, కూసో."

గోనెసంచి పరిచి, వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాడు. బయట మోకాళ్ళు, పాదాలు మాత్రం మిగిలాయి.

"బోల్టు కాడ నూనె కారుతదేమో సూస్త. గట్టిగ తొక్కకు, సమానంగ పట్టు. నేను రెండు దెబ్బలు కొట్టేదాకా ఇడువకు!"

ఒక దెబ్బ పడింది. ఆమె తొక్కి పట్టుకుంది.

పోయిన నెల ఇలాగే తొందరపడి వదిలేస్తే రోజంతా సణిగాడు. ఈసారి ఆ మాట పడదలచుకోలేదు. ఇంజన్ ఒకే తీరుగా మోగుతోంది. కీచు ఉంది గానీ పొగ నల్లగా లేదు. పాసవుతుందేమో అనుకుంది, అనుకోగానే సంతోషమేసింది. రేపు ఆ నలుగురికీ మిఠాయి పంచాలి. కొబ్బరికాయ మాత్రం అనిల్ చేతనే కొట్టించాలి. పిక్క పట్టేసింది. ఎదురుగా ఇంజన్ వేడి చూపించే ముల్లు పైకి పాకింది. ముందు ఫ్యాను తనంతట తానే తిరగడం మొదలుపెట్టింది. ఇంతసేపు ఏం చూస్తున్నాడీ మనిషి? చల్లగా ఉందని నడుం వాల్చాడా?

"ఓ అయ్యా!" అని పిలిచింది. వినపడదని తెలిసే పిలిచింది.

పాదం తీయకుండానే కిటికీలోంచి వంగి చూసింది. ఒక కాలి చెప్పు జారి పక్కన పడి ఉంది. పాదాలు రెండూ చెరో పక్కకు ఒరిగి ఉన్నాయి.

ఆయన చెప్పకుండా ఆమె పాదం తీసింది. తాళం తిప్పేసింది. సందు ఒక్కసారిగా మూగబోయింది.

బండి కింద సాయిలు కళ్ళు తెరుచుకుని బోల్టు వంకే చూస్తున్నాడు. పానా చేతిలోనే ఉంది, చెయ్యి రొమ్ము మీద ఉంది. బోల్టు దగ్గర ఒక్క చుక్క కూడా కారలేదు.

ఆ తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. ఎవరో బానెట్ మూసేశారు. ఎవరో ఇటుకలు తీసి బండిని గోడ పక్కకు నెట్టారు. ఫిట్‌నెస్ తారీఖు దాటిపోయింది. పదకొండో రోజు అయిన మర్నాడే అనిల్ తుక్కు లారీని వెంటబెట్టుకొచ్చాడు.

"మనిషే లేకపాయె అమ్మా. ఇగ దీన్ని సూసుకుంట ఏడుస్తవా?"

"ఏడ్వనీకి కాదు, తోలనీకి."

"ఎవలు తోలుతరు?"

"నేను. తొక్కుడు, ఇడుసుడు ఎప్పుడో వచ్చె. తిప్పుడే గద మిగిలింది. ఒక్కటి నేర్పలేవా?"

"లైసెన్స్ కావాలె, ఫిట్‌నెస్ కావాలె. పాస్ గాదమ్మా ఇది."

"పాస్ గాదని నువ్వెట్ల చెప్తవ్? మీ నాయిన కింద పండి చూసిండు, సుక్క కారలే. ఆయన పని సగంల ఆగింది, కరాబు కాలే. ముందు తీస్కపోదం. కాదని ఆ సార్లనే చెప్పనీ. అప్పుడు నేనే దొబ్బి ఎక్కిస్త." లారీ వాడి వైపు తిరిగింది. "సాయ్ తాగి పో బిడ్డా. ఇక్కడ నీకు సరుకు లేదు."

లారీ వాడు ఆమెను చూసి, అనిల్‌ను చూసి, టీ కూడా తాగకుండా బండి తిప్పుకున్నాడు. అనిల్‌కు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగి, తల్లి చూపించినట్టు డ్రైవర్ వైపునుంచి ఎక్కి, మడిచిన చీర మీద కూర్చున్నాడు. బండి రెండుసార్లు దగ్గి మూడోసారికి లేచింది. కీచు అలాగే ఉంది.

సత్తెమ్మ బానెట్ ఎత్తింది. స్క్రూడ్రైవర్ బ్యాటరీ పక్కన, ఆయన పెట్టిన చోటే ఉంది. కొంగు దాకా పోయిన చెయ్యి ఆగింది. పిడిని తుడవలేదు.

"నేను రెండు దెబ్బలు కొట్టేదాకా ఇడువకు!" అని కొడుక్కు వినపడేలా అరిచి, పానాతో ఒక దెబ్బ కొట్టింది.

మొనను నీళ్ళ పంపు మీద ఆనించి, పిడిని పళ్ళ మధ్య పెట్టుకుని గట్టిగా కరిచింది. బండి ఆమె తలలోకి ఎక్కింది. కీచు అక్కడే ఉంది, ఆయన చెప్పిన చోటే.

"ఇంక తొక్కాల్నా అమ్మా?" అని లోపల్నుంచి అనిల్ అడుగుతున్నాడు. ఆమె నోరు తీయలేదు. ఆ పసుపుపచ్చ పిడి మీద సాయిలు పళ్ళు చేసిన గుంటలు ఒక్కొక్కటే ఆమె నాలుకకు తగులుతున్నాయి.