తప్పెవరిదో తేల్చిన సేమ్యా

బున్‌తియాన్ నోరు తెరిస్తే చాలు, ఆ ఊళ్లో నిజం చెప్పులు చేతపట్టుకుని పక్కసందులోకి జారుకునేది. కాలవలో తన గాలానికి పడ్డ మలుగు చేప తన నీలం బుల్లి ట్రక్కుని వంతెన దాకా వెనక్కి ఈడ్చుకుపోయిందనీ, దాన్ని వండితే మూడు వీధులవాళ్లు తిన్నారనీ ఏళ్ల తరబడి చెబుతున్నాడు. చెప్పినప్పుడల్లా ఒక వీధి పెరిగేది.

అలాంటివాడు, ఆ ట్రక్కుని నిజంగా ఎవరో గుద్దిన రోజున మాత్రం గోరంత కూడా కలపలేదు.

పున్నమి పండగ దగ్గరపడుతోంది. పంపరపనసలు ఆ పండగకే అమ్ముడుపోవాలి. మర్నాటికి వాటి మొహం చూసేవాడుండడు. తన తోటలో మొదటి కోత ట్రక్కులో వేసుకుని పెద్ద రోడ్డున పోతుంటే, పక్కసందులోంచి ఓ తెల్లకారు ఆగకుండా వచ్చి ట్రక్కు ముందుచక్రాన్ని గుద్దింది. పళ్లన్నీ రోడ్డున పడి దొర్లాయి. కారులోంచి దిగిన అమ్మాయి పేరు యిరూ, పట్నంలో టీచరు. దిగుతూనే ఏడుపందుకుంది.

“తప్పు నాదే బాబాయ్! ఫోను మోగితే అటు చూశాను.”

“దెబ్బ తగల్లేదుగా? మరింకేం, ఏడవకు. పళ్లకి కాళ్లొచ్చి షికారుకి బయల్దేరాయనుకో” అన్నాడు బున్‌తియాన్. వెనక ట్రాక్టరువాడు హారన్ మోగిస్తుంటే, పాపం వాడికి పనుందని, తనే పదిమందిని పిలిచి రెండు బళ్లనీ పక్కకి తోయించాడు. పోలీసు టేపు పట్టుకుని వచ్చేసరికి కొలవడానికి రోడ్డు తప్ప ఏమీ లేదు.

ఇంట్లో భార్య బీహుయ్ పొయ్యిమీద పంది కాళ్లు ఉడకేసింది.

“గండం గడిచినవాళ్లు పంది కాళ్ల సేమ్యా తినాలి కదయ్యా. ఊరుగాని ఊళ్లో ఒంటరిగా ఉండే పిల్ల, దానికెవరు వండిపెడతారు?”

“మరి నా పీడ ఎవరు కడుగుతారే?”

“నిన్ను చూస్తే పీడే పారిపోతుంది. గిన్నె పట్టుకో.”

ఇద్దరూ బస్సెక్కి వెళ్లి ఇచ్చొచ్చారు, శుభానికి కాస్త డబ్బు పెట్టిన ఓ చిన్న ఎర్రకవరుతో సహా. యిరూ కళ్లనీళ్లు పెట్టుకుని తింది. గిన్నె ఫోటో తీసి తన స్నేహితులందరికీ పంపింది.

వారం గడిచింది. మెకానిక్కు ఆహ్వాట్ షెడ్డులో ట్రక్కు గాల్లో వేలాడుతోంది. ఇరుసు వంగింది, రేడియేటరు పగిలింది. ఆ అమ్మాయి ఇన్సూరెన్సు కంపెనీ సరేనంటే తప్ప రెంచి ముట్టుకోనన్నాడు ఆహ్వాట్. బున్‌తియాన్‌కి ఉన్నది అందరికీ తప్పనిసరైన ఇన్సూరెన్సు ఒక్కటే. అది మనిషి కాలు విరిగితే ఇస్తుంది గాని బండి ఇరుసు వంగితే ఇవ్వదు.

యిరూ ఇన్సూరెన్సు కంపెనీ తరఫున లియావ్ అనే ఉద్యోగి వచ్చాడు. ట్రక్కు కేసి చూడనేలేదు.

“సేమ్యా మోసుకెళ్లింది ఎవరు తాతా? మీరా, ఆ టీచరా?”

“మేమే.”

“ఎర్రకవరు?”

“అదీ మేమే. అయితే ఏం?”

“ఏం లేదు” అని ఫోనులో గిన్నె ఫోటో చూపించి నవ్వాడు లియావ్.

మండలాఫీసు రాజీ కమిటీ ముందు అసలు సంగతి బయటపడింది. గుద్దినవాడే గుద్దించుకున్నవాడికి సేమ్యా పట్టుకెళ్లడం ఆనవాయితీ. అదే మాట పట్టుకున్నాడు లియావ్. తప్పు లేనివాడు పంది కాళ్లు ఉడకేసుకుని బస్సెక్కుతాడా అన్నాడు. కమిటీలో ముగ్గురు పెద్దలూ తల ఊపారు.

“ఆ పిల్ల తప్పు తనదేనంది! ఫోను చూశానంది!” అన్నాడు బున్‌తియాన్.

కమిటీ పెద్ద కళ్లజోడు పైకి తోసుకున్నాడు. “బున్‌తియాన్, మలుగు చేప ట్రక్కుని లాగిందని చెప్పింది నువ్వే కదూ?”

“అది వేరు.”

“ఈమధ్య దాన్ని ఎన్ని వీధులవాళ్లు తిన్నారేం?”

గది గదంతా ఘొల్లున నవ్వింది. బున్‌తియాన్ జీవితంలో మొదటిసారి ఎదుటివాళ్లు నవ్వుతుంటే తాను నవ్వలేదు. యిరూ వైపు తిరిగాడు.

“అమ్మా, ఆ రోజు ఏమన్నావో నువ్వే చెప్పు.”

ఆమె లియావ్ వైపు చూసింది. తర్వాత తన గోళ్ల వైపు చూసుకుంది. “ఆ కంగార్లో ఏమన్నానో... నాకు గుర్తులేదు బాబాయ్.”

తప్పులో పెద్దవాటా బున్‌తియాన్‌దేనని రాశారు. తన బండి బాగుచేయించుకోవడమే కాదు, ఆమె కారు బంపరులో కూడా వాటా పెట్టుకోమన్నారు. ట్రక్కుని పాత ఇనుము కింద ఇచ్చేస్తే గాని ఆ బంపరు బాకీ తీరదు. ఇచ్చేశాడు.

ఆఫీసు వరండాలో యిరూ పరుగున వచ్చి, కడిగిన గిన్నె బీహుయ్ చేతికిచ్చింది.

“సేమ్యా చాలా బాగుంది పిన్నీ.”

“ఉప్పు సరిపోయిందా?” అని అడిగింది బీహుయ్. గిన్నె చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

పండగ ముందురోజు బున్‌తియాన్ తోపుడుబండి మీద పట్టినన్ని పళ్లు రోడ్డు పక్కకి తెచ్చుకున్నాడు. మిగతావి చెట్లకే ఉన్నాయి. కార్లు ఆగకుండా పోతున్నాయి. ఎట్టకేలకు ఒక కుటుంబం దిగింది. తెలిసినవాళ్లే.

“ట్రక్కు ఏమైంది తాతా?”

“కారు వచ్చి గుద్దింది. తప్పు ఆ పిల్లదే” అన్నాడు.

వాళ్లు కదల్లేదు. అతని మొహంలోకి చూస్తూ నిలబడ్డారు, మిగతా కథ కోసం. కథ అంతేనని తేలాక ఒకాయన కారు తాళాలు తిప్పుకుంటూ వెనక్కి తిరిగాడు.

బున్‌తియాన్ గొంతు సవరించుకున్నాడు.

“గుద్దింది కారేమిటయ్యా! ఆ మలుగు చేప మనవడు పగబట్టి వచ్చాడు. వంతెన కింద కాపుకాసి, నా ట్రక్కుని అప్పడంలా నమిలి మింగాడు. హారన్ ఒక్కటే అరక్క ఉమ్మేశాడు!”

అందరూ పగలబడి నవ్వారు. రెండు బస్తాలు కొన్నారు.