సుద్ద కాగితం

మా తోడికోడలికి నేను పెట్టిన పేరు పదినిమిషాలు. ఏ పని చెప్పినా "పది నిమిషాల్లో అయిపోతుందక్కా" అంటుంది. ఎదురుగా అలా పిలవను, మనసులోనే. తను ఈ ఇంట్లో అడుగుపెట్టి మూడేళ్ళయింది. మూడేళ్ళుగా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది.

మా మామగారికి ఇళ్ళ ప్లాన్లకు నీలం కాపీలు తీసే దుకాణం ఉండేది. యంత్రాలొచ్చి దుకాణం మూతపడ్డాక ఆ విద్య ఆయన కొడుకులెవరికీ అక్కర్లేకపోయింది. నేను నేర్చుకున్నాను. రెండు సీసాలు. ఒకదాంట్లో ఆకుపచ్చ ఉప్పు కరిగించిన నీళ్ళు, రెండోదాంట్లో ఎర్ర ఉప్పు నీళ్ళు. రెండూ సమంగా కలిపి కాగితానికి పూసి, చీకట్లో ఆరబెట్టి, పైన ఏదో ఒక వస్తువు పెట్టి ఎండలో ఉంచాలి. కడిగాక ఎండ తగిలినచోట నీలం, నీడ పడినచోట తెలుపు. తొమ్మిదేళ్ళుగా మా వీధి చివర లైబ్రరీలో ప్రతి ఆదివారం కొత్తవాళ్ళకు ఇదే నేర్పుతున్నాను. ఇంట్లో నేను పెద్దకోడలిని, వదినని, అమ్మని. "టీచర్ గారూ" అని పిలిచేది ఆ ఒక్కచోటే. ఆ పిలుపు కోసం వారమంతా ఎదురుచూసేదాన్నని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

పదినిమిషాలు ఎక్కడో కోర్సు చేసి ఒకే సీసా పట్టుకొచ్చింది. అన్నీ ముందే కలిపిన కొత్తరకం మందు. ఎండ బదులు ఊదారంగు దీపం. "మబ్బు పట్టిందా, వానొచ్చిందా అని ఆకాశం వంక చూడక్కర్లేదక్కా" అంది. అక్కడితో ఆగితే బాగుండేది. లైబ్రరీకి వెళ్ళి అదే మాట లైబ్రేరియన్ చెవిన వేసింది.

లైబ్రేరియన్ ముక్కుసూటి మనిషి. "నేను నడపగలిగేది ఒక్క క్లాసే. ఇందులో నాకు ఓనమాలు కూడా రావు. ఇద్దరూ నాకే నేర్పండి. ఎవరు చెప్తే నాకు బాగా వస్తుందో, క్లాసు వాళ్ళది" అన్నారు.

ఆ ఆదివారం పొద్దున్నే పదినిమిషాలు నా బీరువా ముందు నిలబడింది. "అక్కా, నా కాగితం అయిపోయింది. నాలుగు షీట్లిస్తారా?"

నా బీరువాలో రెండు కట్టలున్నాయి. ఒకటి ఉత్త నూలు కాగితం. రెండోది పసుపెక్కకుండా సుద్ద కలిపి తయారుచేసింది. సుద్ద ఈ నీలానికి శత్రువు. నా పాత మందు దాన్ని కొన్నాళ్ళు ఓర్చుకుంటుంది. తన కొత్త మందు మాత్రం దీపం దాకా పోకుండానే పాడవుతుంది. ఏ కాగితంలో సుద్ద ఉందో తెలుసుకోడానికి మామగారు ఒక చిట్కా చెప్పారు. నిమ్మ ఉప్పు నీళ్ళు ఒక్క చుక్క వేస్తే బుడగలొస్తాయి.

ఏరి కోరి సుద్ద కట్టలోంచి నాలుగు తీసిచ్చాను. ఇస్తూ నవ్వాను కూడా.

లైబ్రరీ వెనక మెట్ల మీద ముందు నా పాఠం. లైబ్రేరియన్ లోపలి చీకటి గదిలో తన చేత్తోనే మందు పూసి, ఆరాక బయటికి తెచ్చి పైన లేసు ముక్క పరిచి, అద్దం కింద పెట్టారు. ఇరవై నిమిషాలు ఎండలో కూర్చున్నాం.

"ఎప్పుడు తియ్యాలో ఎలా తెలుస్తుంది?"

"అంచులు బూడిదరంగుకి తిరగాలి. కడిగితే సగం రంగు నీళ్ళలో పోతుంది. అందుకని కాస్త ఎక్కువే ఉంచాలి" అన్నాను.

కుళాయి కింద కడుగుతుంటే నీలం తేలి వచ్చింది. ఆవిడ చిన్నపిల్లలా "అబ్బ!" అన్నారు. నేను పదినిమిషాల మొహం చూశాను.

"బాగుంది మేడం. కానీ సగం నీలం కాలవలోకి పోయింది చూశారా?" అంది తను, మూతి ఒక పక్కకి తిప్పి. "నా మందులో పూసింది పూసినట్టే నిలుస్తుంది. లేసులో దారం దారం కనిపిస్తుంది. తొలి కడుగుడు నీళ్ళలో మాత్రం కాస్త నిమ్మ ఉప్పు వెయ్యాలి, అంతే. పది నిమిషాల్లో అయిపోతుంది."

లోపల గదిలో కర్టెన్లు వేసి లైబ్రేరియన్ పూత మొదలుపెట్టారు. పసుపుపచ్చగా ఉండాల్సిన పూత చూస్తుండగానే ఆకుపచ్చకి తిరిగింది, తర్వాత మడ్డి నీలమైంది. దీపం ఇంకా వెలిగించనే లేదు.

"అయ్యో!" అన్నాను, గొంతులోకి వీలైనంత జాలి తెచ్చుకుని.

లైబ్రేరియన్ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "నా చెయ్యే బాగోలేదేమో. మా ఇంట్లో ఇది ఎవరికీ రాదు."

పదినిమిషాలు కాగితం వంక చూసింది. తర్వాత నా వంక. కడగడానికి కలిపి పెట్టుకున్న నిమ్మ ఉప్పు నీళ్ళలో వేలు ముంచి, ఇంకో షీటు మూల మీద ఒక చుక్క వేసింది. సన్నగా బుడగలొచ్చాయి.

"మీ చెయ్యి కాదు మేడం, కాగితం. ఇందులో సుద్ద ఉంది. ఇవే నీళ్ళలో నానబెట్టి, కడిగి ఆరబెడితే పోతుంది."

నానబెట్టింది, కడిగింది, హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టింది. మళ్ళీ పూత, దీపం, కడుగుడు. ఈసారి లేసులో ప్రతి దారం విడిగా కనిపించింది.

"ఇంతకీ ఈ కాగితం ఎక్కడిది?" అడిగారు లైబ్రేరియన్.

"మా అక్క ఇచ్చారు. పాఠం కోసమే ఇచ్చుంటారు. కదక్కా?" పొద్దున నేను నవ్విన నవ్వే నాకు తిరిగి నవ్వింది. ఆ మొహం మీద ట్రేలో నీళ్ళు కుమ్మరించాలనిపించింది.

లైబ్రేరియన్ నవ్వలేదు. "పాత పద్ధతికి కూడా ఈ కాగితం పనికిరాదా?"

"ముందు బాగానే వస్తుంది మేడం. కొన్నాళ్ళకి వెలిసిపోతుంది."

ఆవిడ లేచి వెళ్ళి తన బల్ల కింది సొరుగులోంచి ఒక కాగితం తెచ్చారు. మధ్యలో ఒక ఈక ఆకారం. చుట్టూ నీలం ఉండాల్సినచోట పాలిపోయిన పసుపు మరక. గుర్తుపట్టాను. ఐదేళ్ళ కిందట నా క్లాసుకొచ్చిన వాళ్ళమ్మాయి ఇంటికెళ్ళి చేసుకున్న ప్రింటు. వెలిసిపోయిందని ఏడుపుమొహంతో తెచ్చి చూపిస్తే, "కొందరికి చెయ్యి తిరగదమ్మా" అన్నాను. ఆ పిల్ల మళ్ళీ క్లాసుకు రాలేదు. ఇంటి దగ్గర పాడైందని అడిగిన వాళ్ళందరికీ తొమ్మిదేళ్ళూ ఇదే మాట చెప్పాను. అందరికీ నాలాగే వచ్చేస్తే ఇక నేనెందుకు?

లైబ్రేరియన్ తనే వేలు ముంచి ఆ కాగితం అంచు మీద చుక్క వేశారు. బుడగలొచ్చాయి.

"అయితే మా అమ్మాయి చెయ్యి మంచిదే" అన్నారు మెల్లగా. నా వైపు తిరిగారు. "ఈ చుక్క సంగతి మీకు అప్పుడు తెలుసా, టీచర్ గారూ?"

తెలియదనొచ్చు. నమ్మేవారే. పదినిమిషాలు జన్మలో మొదటిసారి నోరు మూసుకుని నా వంకే చూస్తోంది.

"తెలుసు" అన్నాను.

ఆవిడ ఈక ప్రింటును తుడిచి జాగ్రత్తగా సొరుగులో పెట్టుకున్నారు. క్లాసు ఎవరిదో చెప్పలేదు.

"సరేనమ్మా, మీరిక వెళ్ళొచ్చు" అన్నారు. టీచర్ గారూ అనలేదు.