గోడెక్కిన జల్లెడ

నేనొక చిల్లుపడ్డ జల్లెడను. నవ్వితే నవ్వండి. జల్లెడంటేనే చిల్లులు కదా, మళ్ళీ చిల్లుపడటమేమిటని మీరడిగే ప్రశ్న నాకు కొత్త కాదు. జాలిపడితే మాత్రం ఒప్పుకోను.

బందరులో ఒక రేకుల పనివాడు నన్ను చేశాడు. నూనె డబ్బా రేకును గుండ్రంగా వంచి, ఇనుప వల బిగించాడు. చిలకలపూడి నుంచి వచ్చిన నాంచారమ్మ నన్ను వెలుతురుకెత్తి చూసి, వేలితో రెండుసార్లు మీటి కొనుక్కుంది. పద్నాలుగేళ్ళు ఆమె ఇంట్లో బియ్యప్పిండి, శనగపిండి జల్లించాను. ఒక వానాకాలం తుప్పుపట్టిన నా వలను ఎలుక ఓ పక్క కొరికేసింది. మర్నాడే నన్ను అటకెక్కించారు. మనుషుల తీరే అంత. పారేయడానికి మనసొప్పదు, వాడుకోవడానికి చెయ్యి రాదు. అందుకే అటక కనిపెట్టారు.

నాంచారమ్మ రోల్డుగోల్డు కార్ఖానాలో దుద్దులకు రాళ్ళు పొదిగేది. వంకరపోయి అమ్మకానికి పనికిరాని జతలను యజమాని పనివాళ్ళకే ఇచ్చేవాడు. ఆమె వాటిని ఇంటికి తెచ్చి, ఓపిగ్గా సరిచేసి, రోజుకో జత పెట్టుకునేది. భర్త పాండురంగారావు చూసి మురిసిపోయేవాడు.

నిరుడు మాఘమాసంలో గుండె ఆగి ఆయన పోయాడు. కర్మలు ముగియగానే ఆయన అక్క వెంకాయమ్మ ఆ దుద్దులనూ, ఆమె గాజులనూ, ముక్కుపుడకలనూ ఒక పాత గుడ్డలో మూటగట్టి అటక మీద, సరిగ్గా నా పక్కన పెట్టించింది. ఆవిడా భర్త పోయిన మనిషే.

"మీ అన్నయ్య పోయిన్నాడే నేను తీసేశాను. ఇరవయ్యేళ్ళయింది. ఇంక నీకు మాత్రం ఇవెందుకే?" అంది.

నాంచారమ్మ పదిహేను రోజులకు పనిలోకి వెళ్ళింది. బోసి చెవులతో కూర్చుని, ఊరూరి ఆడవాళ్ళ చెవులకూ రాళ్ళు పొదుగుతూ ఆరు నెలలు గడిపింది.

శ్రావణంలో ఒక ఆదివారం పొద్దున నిచ్చెన వేసుకుని అటకెక్కింది. మూట విప్పింది. చెమ్మకు కొన్ని దుద్దులు నల్లబడ్డాయి, మిగతావి ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. ఏడుస్తుందనుకున్నాను. పళ్ళు కొరికింది.

"నా చేత్తో పొదిగిన రాళ్ళు. వీటికేం కర్మ?" అంది. మూటతో పాటు నన్నూ చంకనపెట్టుకుని దిగింది.

ఆ పూట నా ఒంటికి పట్టిన తుప్పంతా గరుకు కాగితంతో గీకింది. చుట్టూ పాత పట్టురవిక అంచు అంటించింది. ఎలుక కొరికిన చోట గుడ్డముక్క వేసి కుట్టి, దానికి వరసగా పిన్నీసులు గుచ్చింది. దబ్బనంతో నా వల కన్నాలు కాస్త వెడల్పు చేసి, దుద్దులన్నీ జతలు జతలుగా తగిలించింది. విరిగిన చపాతీకర్రకు గాజులెక్కించింది. ఖాళీ అగ్గిపెట్టెలు ఒకదానిమీద ఒకటి అంటించి ముక్కుపుడకలకు సొరుగులు చేసింది. కొన్నది జిగురు సీసా ఒక్కటే.

నన్ను పడగ్గదిలో దాచలేదు. ముందుగదిలో, వీధిగుమ్మానికి ఎదురుగా మేకు కొట్టి తగిలించింది.

వారం తిరక్కుండా వెంకాయమ్మ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేం పనే నాంచారూ? పదిమందీ చూస్తే ఏవనుకుంటారు?"

"చూడ్డానికేగా వదినా గోడకి పెట్టింది."

"తమ్ముడు పోయి ఏడాదన్నా కాలేదు. సిగ్గులేదూ?" అంటూ ఆవిడ నన్ను మేకు నుంచి లాగి నేలకు కొట్టింది. నా చుట్టు సొట్టపోయింది. దుద్దులు మంచం కిందికి దొర్లాయి.

నాంచారమ్మ మంచం కిందికి దూరి ఒక్కొక్కటే ఏరి, మళ్ళీ తగిలించి, నన్ను అదే మేకుకు పెట్టింది. తర్వాత ఎర్రరాళ్ళ జత తీసి ఆవిడ ఎదుటే చెవికి గుచ్చుకుంది. ఆర్నెల్లలో కన్నం సన్నబడిపోయింది. నెత్తురు చుక్క వచ్చింది. రెండో చెవికీ గుచ్చుకుంది.

"ఈ చెవులు నా మూడో ఏట మా అమ్మ కుట్టించింది వదినా. మీ తమ్ముడు కుట్టించినవి కావు, ఆయనతో పోడానికి."

అనేసి, కాఫీ పెట్టడానికి లోపలికెళ్ళింది.

వెంకాయమ్మ ఒక్కతే మిగిలింది. వీధివైపు చూసింది. వంటింటివైపు చూసింది. నా దగ్గరికొచ్చింది. ఈసారి నా వల చింపేస్తుందనుకుని బిగుసుకున్నాను. ఆవిడ వేలు ఒక్కో జతనూ తాకుతూ పోయి, ముత్యాల దుద్దుల దగ్గర ఆగింది. వాటిని తీసి, గబగబా కొంగున ముడేసుకుంది.

కాఫీ గ్లాసుతో వస్తున్న నాంచారమ్మ అది చూసింది. చప్పుడు కాకుండా రెండడుగులు వెనక్కి వేసి, గరిటె ఒకటి కావాలని కింద పడేసి, అప్పుడు వచ్చింది.

"పంచదార ఎక్కువేశావ్," అంది వెంకాయమ్మ. గ్లాసు ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

పాత సామాను కొనే బండివాడు గుమ్మం ముందు ఆగినప్పుడల్లా నా వైపే చూస్తాడు. "దాని జోలికి రాకు, పో," అంటుంది నాంచారమ్మ. ముత్యాల జత ఉన్నచోట ఇంకేమీ తగిలించలేదు. అక్కడేమయిందని ఇరుగుపొరుగు అడిగితే, గొంతు తగ్గించకుండా, వీధికి వినబడేలా చెబుతుంది:

"అవి మా వదిన పెట్టుకుంది."