పలకని ఇల్లు

"గీసారి కాగ్నా వాగు మన గల్లీ దాంక వస్తది," అన్నాను బియ్యం ఏరుతూ. అప్పటికింకా చినుకైనా పడలేదు.

"నీ నోరు మంచిది గాదు, జర మూస్కో," అన్నాడు మా ఆయన పాండురంగం. పెళ్లయిన నాటి నుంచి నా భయాలన్నిటికీ ఆయన ఇచ్చే మందు అదే. బిడ్డ బడి నుంచి రావడం ఆలస్యమైతే భయం, ఫోను మోగితే భయం అని నలుగురిలో చెప్పి నవ్వుతాడు. ఇంట్లో ఎవరో ఒకరు భయపడాలి కదా. ఆ పనీ నాకే పడింది.

వారం తిరగకుండానే తాండూరు కింది గల్లీలు మునిగాయి. అందరం బడి పై అంతస్తుకు చేరాం. తహసీల్దారు సారు కబురు పెడితే మిలిట్రీ వాళ్లు రబ్బరు పడవలతో వచ్చారు. నన్ను అడగకుండానే మా ఆయన, వాళ్లందరికీ మా ఇంటామె వండిపెడుతుందని మాటిచ్చేశాడు. ఇల్లు మునిగినా నాకు పొయ్యి తప్పలేదు. పక్కన మా బిడ్డ వర్షిత ఉల్లిగడ్డలు కోస్తుంటే, దీనికీ ఇదే రాసిపెట్టి ఉందేమోనని ఇంకో భయం.

జవాన్లు తమంతట తాము ఎటూ పోరు. సారు చూపిన ఇంటికే పోతారు. సారుకు చూపేది మా గల్లీ మగవాళ్లు. మా గల్లీలోనే ఉండే చాంద్‌బీ ఇంటి ముందు జవాన్లు చాలాసేపు పిలిచారట, ఎవరూ పలకలేదట. ఖాళీ ఇల్లేనని మా ఆయనా తలూపాడు.

నా గరిటె ఆగిపోయింది. చాంద్‌బీ భర్త పోయి నెల కూడా కాలేదు. ఇద్దత్‌లో ఉంది. ఆ గడువు తీరేదాకా పరాయి మగవాళ్ల కంట పడదు, గొంతు కూడా వినిపించదు. పాలవాడికి సైతం తలుపు సందులోంచే గిన్నె జరుపుతుంది. మగ గొంతులు పిలిస్తే ఎట్లా పలుకుతుంది?

ఆ మాటే మా ఆయనతో చెప్పాను.

"మిలిట్రోళ్లకు నువ్వు నేర్పుతవా? పో, అన్నం మాడుతది."

గరిటె ఆయన చేతిలో పెట్టి సారు దగ్గరికి పోయాను. నన్ను పడవ ఎక్కించమని అడిగితే సారు మా ఆయన వైపు చూశాడు.

"ఆయన్ను అడగకుండ్రి సారూ. పిలిచేది నేను."

నీళ్లంటే నాకు ప్రాణభయం. పడవ అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆ ఇంటి కిటికీలు సగం మునిగి ఉన్నాయి. జవాన్లను మాట్లాడవద్దని చేత్తో సైగ చేశాను.

"చాంద్‌బీ, నేను, దేవమ్మను."

నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్లీ పిలిచాను. గొంతు పగిలేదాకా పిలిచాను. ఒక జవాను తల అడ్డంగా ఊపి పడవ తిప్పబోయాడు. అతని చెయ్యి పట్టి ఆపాను. పొద్దున్నే చాంద్‌బీ ఏదని అడగాల్సింది, పొయ్యి దగ్గరే ఎందుకుండిపోయాను అనుకుంటూ అట్లాగే కూర్చున్నాను.

చాలాసేపటికి అటక మీంచి సన్నగా వినిపించింది.

"అక్కా, మగోళ్లను జర అటు తిరగమను. వస్తున్న."