వేలి తొడుగు

రబ్బరు తొడుగు తియ్యకుండానే ఆమె కీబోర్డు మీద వేళ్లు పెట్టింది. నోట్లు లెక్కపెట్టడానికి చూపుడువేలికి పెట్టుకునే తొడుగు అది. డిపాజిట్ల కంపెనీలో చేరిన ఈ పాతికేళ్లలో ఒంట్లో భాగమైపోయింది. ఇవాళ్టి కంప్యూటరు పరీక్ష తప్పితే కౌంటరు ఉద్యోగం ఊడుతుంది. జీతం ఆగితే తమ్ముడింట్లో తనుంటున్న వరండా గదీ పోతుంది. ఇదేమన్నా సత్రమా వదినా అని మరదలు పొద్దున్నే కాఫీతో పాటు అందించింది.

ఆఫీసు పైగదిలో శిక్షణ ఇచ్చే కుర్రాణ్ణి, మెడలో వేలాడేదాన్ని బట్టి, అందరూ టై అంటారు. ఆ మొహం చూస్తేనే ఆమెకు ఒళ్లు మండుతుంది. లక్ష అసలు, ఏడాదికి నూటికి పది, పదేళ్లకు చక్రవడ్డీ ఎంతో ప్రోగ్రాం రాయమన్నాడు. లూప్ అంటే చెప్పిన పనినే మళ్లీ మళ్లీ చేసేదట. దాన్ని నేర్పడానికి వీడెందుకో ఆమెకు అర్థం కాలేదు.

ఆమె రాసింది నడిచింది. ఏ ఏడు చూసినా అదే పదివేలు.

"వడ్డీని అసల్లో కలపలేదు ఆంటీ," అన్నాడు టై, వెనకవాళ్లకు వినబడేలా.

"కలపడమేంటి? ఏడాది తిరిగేసరికి వచ్చి పట్టుకుపోతారు. వదిలేసినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు."

"నేనడిగింది లెక్క. మీ కౌంటరు కబుర్లు కాదు."

గది ఘొల్లుమంది. ఆమె లూపులో ఒక్క వరస చేర్చింది. ఏ ఏటి వడ్డీ ఆ ఏడే అసల్లో కలవసాగింది. అంకె పెరుగుతుంటే చూసి, పదేళ్లు చెరిపేసి పాతిక అని కొట్టింది. నాన్న ఆమె వాటాకిచ్చిన లక్ష కూడా ఇక్కడే, ఇదే వడ్డీకి, అన్నేళ్లుగానే ఉంది. పిల్లల ఫీజులని, మేడ అని, కారు అని తమ్ముడు ఏటా వడ్డీ పట్టుకుపోతాడు. ఇవాళ మళ్లీ ఏడాది తిరిగింది, సాయంత్రానికి వస్తాడు.

తెర మీద పది లక్షల ఎనభై మూడు వేలని పడింది. తమ్ముడి మీద కన్నా, నోరెత్తకుండా లెక్కపెట్టి ఇచ్చిన తన చేతి మీదే ఆమెకు ఎక్కువ అసహ్యం వేసింది.

"ఇప్పుడు పాసు. కానీ పాతికేళ్లెందుకు వేశారు?" అన్నాడు టై.

ఆమె తొడుగు లాగి అక్కడే పడేసి కిందికి దిగింది. పక్క కౌంటరులో సంతకం పెట్టి తన లక్షా, ఈ ఏటి పదివేలూ తీసుకుంది. ఒట్టి వేలితో లెక్కపెట్టుకుని బయటికి నడిచింది.

సాయంత్రం తమ్ముడు ఎప్పటిలాగే సంచితో వచ్చి అక్క ఏదని అడిగాడు. మధ్యాహ్నమే డబ్బు మొత్తం తీసుకుని వెళ్లిపోయిందని, ఎక్కడికో చెప్పలేదని కౌంటరువాళ్లు అన్నారు.

"మరి నా వడ్డీ?" అన్నాడు అతను.

పైగదిలో కంప్యూటర్లన్నీ కట్టేశారు. ఒక కీబోర్డు మీద, వేలి ఒంపు చెదరకుండా, రబ్బరు తొడుగు పడి ఉంది.