పగకు తగిన విమానం

బొమ్మ విమానాల దుకాణంలో బావామరదళ్లు నిలబడి ఉంటే, చూసినవాళ్లు ఏ పిల్లాడి పుట్టినరోజుకో కొంటున్నారనుకున్నారు. కాదు. వాళ్లు పగ తీర్చుకోవడానికి వచ్చారు. దీన్ని తప్పుపట్టే పెద్దమనుషులు ముందు సంగతి వినండి.

బావకు ఫ్లెక్సీలు అచ్చువేసే షాపు. మరదలు బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుడుతుంది. ఆమె అక్క, అంటే అతని భార్య, పక్క మిషను మీద కుట్టేది. పోయిన వేసవిలో ఫ్యాక్టరీ అంటుకున్నప్పుడు పొగకు ఊపిరాడక మేడమెట్ల మీదే ప్రాణం విడిచింది. "డాబా తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. కంగారుపడి ఒకరినొకరు తొక్కుకున్నారు" అన్నాడు యజమాని. తనిఖీకి వచ్చినవాళ్లు చల్లని గదిలో కూర్చుని తలూపారే తప్ప డాబా ఎక్కి చూసిన పాపాన పోలేదు. ఆ తలుపుకు బయట తాళం వేస్తారని మరదలికి తెలుసు, కానీ రుజువుకు ఫొటో కావాలి. కార్మికుల ఫోన్లు గేటు దగ్గరే లాగేసుకుంటారు. చుట్టుపక్కల అంత ఎత్తు మేడ లేదు. కెమెరా డ్రోను కొనే స్తోమత వీళ్లకు లేదు.

బావ చెయ్యి యుద్ధవిమానంలాంటి దాని మీద పడింది. "ఇదే తీసుకుందాం. ఫొటో రాకపోతే తిన్నగా వాడి అద్దాల గదిలోకే తోలేస్తా!"

దుకాణం పెద్దావిడ నవ్వలేదు. "అది రెప్పపాటులో దాటిపోతుంది నాయనా, ఫొటోలో మసకే మిగులుతుంది. ఇది చూడు. థర్మాకోలులాంటి ఫోముతో చేసింది, తేలిక. పొడుగు రెక్కలు, మోటారు ఆగినా తేలుతూ దిగుతుంది. ఫ్యాను వెనకుంది కాబట్టి ముందు కెమెరా కడితే అడ్డం రాదు. విరిగితే అతికించుకోవచ్చు."

"మరీ ఇంత నెమ్మదిదా?"

"పగకైనా నిదానమే ప్రధానం బావా" అంటూ మరదలు దాన్ని చంకన పెట్టుకుంది.

ఖాళీ స్థలంలో పదేపదే దాని ముక్కు పగలగొట్టి, అతికించి, చివరికి బావ చెయ్యి కుదుర్చుకున్నాడు. ఒక మధ్యాహ్నం దానికి చౌకరకం చిన్న కెమెరా కట్టి ఫ్యాక్టరీ మీదుగా తిప్పాడు. ఫొటోలో డాబా తలుపుకు బయటనుంచి తాళం, దానికి అడ్డంగా బట్టల మూటలు స్పష్టంగా పడ్డాయి. ఆ క్షణాన మరదలు ఆ తలుపు కిందే కాజాలు కుడుతోంది. అతనికి ఒళ్లు మండిపోయింది.

తెల్లారేసరికి గేటు ఎదురు గోడ మీద ఆ ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ వెలసింది: "మా యజమానిగారు ఎప్పుడూ తీసి ఉంచే తలుపు ఇదే!" పనికొచ్చిన ఆడవాళ్లు ఒక్కరూ లోపలికి అడుగు పెట్టలేదు.

"అది పాత ఫొటో!" అని అరిచాడు యజమాని.

"ఆవరణలో మొన్న వేసిన రేకుల షెడ్డు కూడా ఉంది కదండీ అందులో?" అందొకామె.

బావ యజమాని కాలరు మీదికి దూకాడు. మరదలు రెండు చేతులతో అడ్డుకుంది. "నువ్వు కొడితే రేపు పేపర్లో నువ్వే ఉంటావు బావా. పేపర్లో వాణ్ణే ఉండనీ!"

ఫ్లెక్సీ సంగతి తెలిసి వచ్చిన పోలీసు జీపు యజమానిని ఎక్కించుకుని వెళ్తుంటే బావ కళ్లారా చూశాడు. కడుపు చల్లబడింది. "మీ అక్క పగ తీరింది" అన్నాడు.

"ఎక్కడ తీరింది బావా?" అంది మరదలు. "వాడొక్కడు జైలుకెళ్తే సరిపోతుందా? మనుషులు పనిచేసే చోట ఏ తలుపుకీ బయట తాళం పడని రోజున తీరుతుంది."